రహస్యరక్షణము - ఆర్తరక్షణము

చిత్తూరు మండలమునందలి కాణిపాకము ప్రమాణములకు ప్రసిద్ధి కెక్కిన క్షేత్రము. దొంగతనము మోపబడినవాడును, బాకీ లేదని వాదించువాడును వరసిద్ధి వినాయకుని యెదుట నిలిచి ప్రమాణము చేయుదురు. అచ్చట బొంకుటకు జనులు నేటికిని జంకుదురు. ఆ గుడి చెంత ప్రవహించు బాహుదానదిని గూర్చి మనవారు చెప్పుకొను కథ భారతమున శాంతిపర్వములోనిది. లిఖితుడనువాడు తన యన్నయగు శంఖుని యాశ్రమమున, ఆయన లేని వేళ పండ్లు కోసికొని తినెను. అన్న చూచి, “ఇది చౌర్యము, రాజుకడకు పోయి నీవే చెప్పుకొని దండన పొందుము” అనెను. సుద్యుమ్న మహారాజు మన్నింపజూచినను లిఖితు డంగీకరింపలేదు, చేతులు నఱకబడెను. తిరిగివచ్చిన తమ్ముని శంఖుడు బాహుదలో తర్పణములు విడువుమనగా చేతులు మరల మొలిచెను. “ముందే నన్నేల పావనుని జేయవైతివి?” అని తమ్ముడడుగగా, దండించు నధికారము రాజుదిగాని తనది కాదని యన్న బదులు చెప్పెను.

ఈ కథను మేమిప్పుడు తలపోయుటకు కారణము కలదు. నమ్మి వచ్చినవాడు చెప్పిన సంగతిని వినినవాడు ప్రభుత్వమునకు తెలుపవచ్చునా, తెలుపవలెనా యను ప్రశ్న నేడు మనోవైద్యులను, మనసునకు సాంత్వనము గూర్చు కౌన్సెలర్లను వేధించుచున్నది. ఇతర వైద్యులు నాడి చూచియు, రక్తము పరీక్షించియు రోగమును తెలిసికొందురు. మనోవైద్యునకు రోగి నోటిమాటయే నాడి. ఆ మాట వెలువడవలెనన్న నమ్మకము కావలెను. తిరుమల కొండ నెక్కి యేడుకొండలవాని యెదుట మనవారు తమ కష్టములన్నియు మొరపెట్టుకొందురు. స్వామి యెవ్వరితోను చెప్పడని వారి ధైర్యము. మనోవైద్యుని గదిలో అడుగుపెట్టువాడును అట్టి ధైర్యమునే కోరును. కాని మనోవైద్యుడు స్వామి కాడు. ఆయన చట్టమునకు లోబడిన మనుష్యుడు.

చట్టము రెండు వైపుల నుండియు మాటాడుచున్నది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగి రహస్యమును కాపాడుట వైద్యుని విధియని చెప్పి, ఇతరులకు హాని గలుగకుండుటకు కావలసినంత మాత్రము వెల్లడింపవచ్చునని మినహాయింపు నిచ్చినది. అమెరికాలోని కాలిఫోర్నియా సర్వోన్నత న్యాయస్థానము సయితము, రోగివలన వేఱొకరి కపాయము గలుగనున్నదని యెఱిగిన మనోవైద్యుడు ఆ వ్యక్తిని కాపాడుటకు పూనుకొనవలెనని 1976లో తీర్పు చెప్పెను. బాలల విషయమున మన చట్టము ఇంకను కఠినము. 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము, పదునెనిమిదేండ్లు నిండని వారిపై లైంగికాపరాధము జరిగినదని యెఱిగినవారును, జరుగనున్నదని శంకించినవారును పోలీసువారికి తెలుపవలెను. తెలుపనివారికి ఆఱు నెలలవఱకు కారాగారమో, జుల్మానాయో, రెండునో విధింపవచ్చును. వైద్యుడని, గురువని, కన్నతల్లియని మినహాయింపు లేదు. మహారాష్ట్రలో బాలికల వసతిగృహమునకు సంబంధించిన వ్యవహారమున, సంగతి తెలిసియు తెలుపలేదను ఆరోపణగల వైద్యునిపై అభియోగమును హైకోర్టు కొట్టివేయగా, 2022 నవంబరులో సుప్రీంకోర్టు ఆ యుత్తరువును రద్దు చేసెను.

ఈ కాఠిన్యము అవసరమే యని మా యభిప్రాయము. బిడ్డలకు కీడు చేయువాడు తఱచుగ వారెఱిగినవాడే: బంధువు, పొరుగువాడు, ఒక్కొక్కచో ఇంటి పెద్దయే. అట్టి యింట రహస్యము ఎవరిని కాపాడుచున్నది? బిడ్డను కాదు. పెండ్లి కావలసిన పిల్ల, పరువుగల కుటుంబము, నలుగురు వినిన నవ్వుదురు అని పెద్దలు నోరు మూయుదురు. నేరము చేసినవాడు మఱునాడును అదే పంక్తిలో భోజనమునకు గూర్చుండును. ఇంటిగుట్టు లంకకు చేటని మనవారి సామెత. లంకకు చేటు తెచ్చినది విభీషణుడు చెప్పిన గుట్టా, రావణుడు చేసిన పనియా? ఈ ప్రశ్నను మన యిండ్లలో ఎవ్వరు నడుగరు.

అయినను రెండవ పక్షమును తేలికగా త్రోసిపుచ్చరాదు. పండ్రెండేండ్ల బిడ్డ యెన్నో నెలలు దిగమ్రింగిన మాటను ఒకనాడు చెప్పును. వారము తిరుగకుండ ఇంటికి పోలీసులు వత్తురు, తల్లి గుండెలు బాదుకొనును, తండ్రి పలుకడు, బంధువులు రెండు పక్షములగుదురు. “నేను నోరు తెఱవకున్న ఇంత జరుగకపోవును గదా” యని బిడ్డ తన్ను తానే దూఱుకొనును. ఇక పదునేడేండ్ల పడుచు తన యీడువాని ప్రేమించి గర్భవతియైనచో, చట్టమునకు భయపడి ఆసుపత్రి గడపయే త్రొక్కకపోవచ్చును. ఇట్టివారికి గర్భస్రావ చికిత్స చేయు వైద్యులు, ఆ బాలికయు సంరక్షకులును కోరినచో, పోలీసులకు తెలుపునప్పుడు ఆమె పేరు వెల్లడింపనక్కఱలేదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరులో చెప్పుట ఈ కష్టము నెఱిగియే. నమ్మి వచ్చినదాని నప్పగించితినా యని మనోవైద్యుడు రాత్రులు నిద్రలేక పొరలుట అతని బలహీనత గాదు. ఆ బాధ లేక తెలుపువాడు కాగితము పంపిన గుమాస్తా యగును.

మేమును ఈ బాధ నెఱుగుదుము. కొన్నియేండ్ల క్రిందట ఒక విద్యార్థిని బడి విడిచిన పిదప గుమ్మము కడ నిలిచి, “ఎవురికీ చెప్పనని మాటియ్యండి సార్” అనెను. “చెప్పనులేమ్మా” అంటిమి. తర్వాత ఆమె చెప్పినది చెప్పక తీఱనిదిగా నుండెను. చెప్పితిమి. ఆమెకు కీడు తప్పెను. కాని యామె మరల మా మొగము చూచి మాటాడలేదు. చెప్పినందులకు మేము నేటికిని చింతింపము. వినకముందే మాట యిచ్చినందులకు చింతింతుము. ఆ మాట ఆమెపై దయతో నిచ్చినది గాదు. సులభముగ నమ్మకము సంపాదింపవలెనను మా తొందరతో నిచ్చినది.

కావున మొదటి ధర్మము ముందుగ చెప్పుట. “నీవు చెప్పినదానిని కాపాడుదును, కాని నీకుగాని మఱొకరికిగాని కీడు గలుగునని తోచినచో ఒంటరిగ దాచుకొనలేను” అని తొలినాడే తెలుపవలెను. దీనివలన కొందఱు మాటాడక లేచిపోవచ్చును. ఆ నష్టము నిజమే. అయినను మోసముతో రాబట్టిన మాటకంటె అది మేలు. రెండవ ధర్మము బిడ్డ వెనుక జరిపింపకుండుట. ఎవరికి తెలుపనున్నామో, తర్వాత నేమి జరుగునో ముందుగ నామెకు చెప్పవలెను. వాఙ్మూలమును బిడ్డ యింటనో, ఆమె కోరిన చోటనో తీసికొనవలెననియు, సాధ్యమైనంతవఱకు సబిన్‌స్పెక్టరు హోదాకు తక్కువగాని స్త్రీయే వినవలెననియు, యూనిఫారము ధరింపరాదనియు, రాత్రివేళ బిడ్డను ఠాణాలో నుంచరాదనియు చట్టమే చెప్పుచున్నది. ఈ సంగతులను ఎఱిగి చెప్పగలవాడు సగము భయమును తీర్పగలడు. మూడవ ధర్మము విడువకుండుట. తెలిపిన మఱునాడే బిడ్డకు వినువాడు ఎక్కువ కావలెను.

శంఖుడు తమ్ముని వెనుక రాజునకు కబు రంపలేదు, ఎదుటనే చెప్పెను. దండనము తన చేతిలోనికి తీసికొనలేదు. చేతులు పోయి వచ్చినవానిని వెలివేయక నదికి పంపెను. మనోవైద్యునకు కావలసిన ధర్మమంతయు ఇందు కలదు. కాని యొక భేదమును మఱువరాదు. లిఖితుడు పండ్లు దొంగిలించినవాడు. మనయొద్దకు వచ్చి చెప్పు బిడ్డ యేమియు దొంగిలింపలేదు. అయినను వీథిమాటలును, చుట్టముల చూపులును, సంబంధములు తప్పిపోవునను భయమును ఆమె చేతులనే నఱకుచున్నవి. ఆ నఱకుట చట్టము చేయుచున్నది కాదు, తెలిపినవాడు చేయుచున్నది కాదు; మనము చేయుచున్నది. మన లోగిళ్లలో ఆ వాడుక పోవునంతవఱకు, చెప్పిన బిడ్డ చెప్పినందులకు పశ్చాత్తాపపడుచునే యుండును. మనోవైద్యుడు తన ధర్మము నెఱవేర్చియు దోషివలె నిలుచుచునే యుండును.