చూచుట, ఉండుట ఒక్కటేనా?

మన యిండ్లలోనికి వచ్చిన నూతన సాధనములలో ఒకదానిని గూర్చి కొంచెము నెమ్మదిగా ఆలోచింపవలసియున్నది. చేతిలోని సెల్‌ఫోనుమీద ఒక గుర్తును వ్రేలితో తాకినంతనే, ఏ తీగయు కలుపకుండగనే, కోరిన దృశ్యము గోడనున్న టెలివిజన్ తెరమీదికి వచ్చుచున్నది. క్రికెట్ పందెము, సినిమా, దూరదేశములోని మనుమని పుట్టినరోజు, ఆదివారపు ఆరాధన, అన్నియు ఆ తెరమీదికే వచ్చుచున్నవి. ఈ సౌకర్యము మంచిదా, చెడ్డదా అని వెంటనే తీర్పు చెప్పుట తొందరపాటగును. దానిలో అంతకంటె లోతైన ప్రశ్న యొకటి దాగియున్నది. ఒక కూటమును చూచుట, ఆ కూటములో ఉండుట, ఈ రెండును ఒక్కటేనా?

ముందుగా ఆ సాధనము పనిచేయు విధమును తెలిసికొనుట మేలు. ఇంటిలోని వై-ఫై పెట్టె రేడియో తరంగములను పంపును. అవి సెకనుకు సుమారు 240 కోట్ల సార్లు, మరియొక శ్రేణిలో 500 కోట్లకు మించి కంపించును. వాటి ద్వారా ఫోనులోనిది తెరకు చేరుటకు ముఖ్యముగా రెండు మార్గములున్నవి. మొదటిది ప్రతిబింబ మార్గము. ఫోనుమీద ఏది కనబడునో అదే టెలివిజన్‌మీదను కనబడును. 2012లో వచ్చిన మిరాకాస్ట్ పద్ధతి ఇట్టిది. రెండవది, 2013 జూలైలో గూగుల్ సంస్థ విడుదల చేసిన క్రోమ్‌కాస్ట్ అను చిన్న పరికరము వలన ప్రసిద్ధికెక్కినది. ఇందులో ఫోను దృశ్యమును మోసికొని పోదు. అది దొరకు చిరునామాను మాత్రమే తెలుపును. టెలివిజన్‌కు తగిలించిన పరికరమే ఇంటర్నెట్ నుండి నేరుగా దానిని తెచ్చుకొనును. 2024లో ఆ సంస్థ క్రోమ్‌కాస్ట్ తయారీని నిలిపివేసినను, ఆ పద్ధతి నేడు అనేక టెలివిజన్లలోనే ఇమిడియున్నది.

ఈ రెండవ మార్గములోని ఒక విశేషమును గమనింపుడు. చిరునామా తెలిపిన పిమ్మట ఆ ఫోనుతో మనము వేరొక పని చూచుకొనవచ్చును, వంటయింటిలోనికి పోవచ్చును. తెరమీది కార్యక్రమము ఆగదు. రమ్మని పిలిచినవాడు లేకున్నను, పిలువబడినది ఇంటిలో నడచుచునే యుండును.

ఇందుకు టెలివిజన్‌నే నిందించుట న్యాయము కాదు. 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు మన దేశములో ఉపగ్రహము ద్వారా ఒక గొప్ప ప్రయోగము జరిగినది. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రములలో సుమారు 2400 గ్రామములకు వ్యవసాయమును, ఆరోగ్యమును గూర్చిన కార్యక్రమములు ప్రసారము చేయబడెను. గ్రామమునకు ఒక్కటే టెలివిజన్. దానిని అందరును కూడి చూడవలసినదే. అనగా ఒకనాడు తెరయే మనుష్యులను ఒకచోటికి చేర్చినది. నేడు ఒకే యింటిలో నలుగురు నాలుగు తెరలు చూచుచున్నారనిన, అది తెర స్వభావము మాత్రమే కాదు, మనము దానిని వాడుకొను తీరు కూడను.

మన సంఘములకు ఈ ప్రశ్న 2020లో ఎదురైనది. ఆ సంవత్సరము మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ మొదలయ్యెను. ఏప్రిల్ 12న వచ్చిన ఈస్టరు పండుగనాడు మందిరముల తలుపులు మూయబడియుండెను. అప్పుడు ఇంటి తెర అనేకులకు ఓదార్పు నిచ్చినది. కాపరి స్వరము వినబడినది. ఎరిగిన కీర్తన యింటిలో మ్రోగినది. అందునిమిత్తము కృతజ్ఞులమై యుండుట తగును. కాని తలుపులు తెరువబడిన పిమ్మటను, ఆరోగ్యము, అవకాశము ఉన్నవారిలో కొందరు తెరయొద్దనే నిలిచిపోయిరి. వారి వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. “విశ్వాసము వినుట వలన కలుగునని గదా మన బోధ? వినుట ఇక్కడను జరుగుచున్నది. ఇక కొరత యేమి?” అని వారందురు.

వినుట జరుగుచున్నదనుట నిజమే. అయితే ఈ వాదములో కొరత అనునది నాకు కలుగు కొరతగానే లెక్కింపబడుచున్నది. నాకు ప్రసంగము అందినదా, నాకు పాట వినబడినదా అని మాత్రమే అడుగుచున్నాము. ప్రక్క బల్లమీద కూర్చుండవలసిన పొరుగువానికి ఏమి కొరతపడినదని అడుగుట లేదు. గత మాసము భర్తను పోగొట్టుకొనిన విధవరాలు ఆ ఉదయము మందిరమునకు వచ్చి, నా స్థలము ఖాళీగా నుండుట చూచును. ఉద్యోగము పోయిన యువకుడు గుమ్మమునొద్ద ఒక పలకరింపు కొరకు నిలిచియుండును. తెర వారిని నాకు చూపవచ్చును. నన్ను వారికి చూపదు. నేను పొందవలసినది నాకు అందినను, నేను ఇయ్యవలసినది నాయొద్దనే మిగిలిపోవుచున్నది. హెబ్రీయులకు వ్రాయబడిన పత్రికలో సమాజముగా కూడుట మానవద్దను హితవు, ఒకనినొకడు ప్రేరేపించుట, హెచ్చరించుట అను మాటల నడుమ చెప్పబడినదని మరువరాదు.

యోహాను రెండవ, మూడవ పత్రికల ముగింపు ఇచ్చట జ్ఞాపకము చేసికొనదగినది. చెప్పవలసినవి అనేకములున్నను వాటినన్నిటిని సిరాతో వ్రాయక, స్వయముగా వచ్చి మాటలాడగోరుచున్నానని ఆ పెద్ద వ్రాయుచున్నాడు. మన తెలుగు బైబిలులో “ముఖాముఖి” అని యున్నచోట గ్రీకు మూలములో “నోటికి నోరు” అను పలుకుబడి యున్నది. ఉత్తరము ఆనాటి దూరసాధనము. ఆయన దానిని తృణీకరింపలేదు, వ్రాసెను. అయితే దానినే చాలుననుకొనలేదు. రాకకు బదులుగా కాక, వచ్చువరకు ఆధారముగా ఉత్తరమును వాడెను.

ఈ భేదమును పట్టుకొనినయెడల మన చిక్కు చాలవరకు విడిపోవును. పక్షవాతముతో మంచము పట్టిన వృద్ధుడు తెరమీద ఆరాధనను చూచునప్పుడు, అది అతనికి అందిన ఉత్తరము. తల్లి భూస్థాపనకు గుంటూరు చేరలేక డాలస్‌లో తెరముందు మోకరించిన కుమారుని కన్నీరు అబద్ధము కాదు. రాలేనివానికి తెర వంతెన. రాగలిగియు రానివానికి అదే తెర గోడయగును. పరికరము ఒక్కటే, తరంగములు అవే; దానియెదుట కూర్చున్నవాని చిత్తము మాత్రము వేరు. ఎవడు ఏ స్థితిలో నున్నాడో బయటినుండి చూచి మనము తీర్పు తీర్చలేము. ఎవనిమట్టుకు వాడు తన్ను తాను పరీక్షించుకొనవలెను.

మరియొక సంగతి యున్నది. తెరమీది కార్యక్రమమును ఆపవచ్చును, ముందుకు జరుపవచ్చును, నచ్చనియెడల మార్చవచ్చును. అక్కడ కాలమునకు నేనే యజమానుడను. కూటములో అట్లు కాదు. ముసలివాని దీర్ఘప్రార్థనను సహింపవలెను, పసిబిడ్డ యేడ్పును ఓర్వవలెను, శ్రుతి తప్పిన గొంతుతో గొంతు కలుపవలెను. ఇవి ఆరాధనకు ఆటంకములని తలంతుము గాని, ప్రేమ అభ్యాసము చేయబడునది వీటియందే.

కాబట్టి తెరను తీసివేయుమని చెప్పుట నా యుద్దేశము కాదు. అట్లు చేసినయెడల మొదట నష్టపోవువారు మంచముమీది రోగులే. నేను కోరునది ఇది. మీ సంఘములో ఇంటిలోనుండి మాత్రమే ఆరాధనను చూడగలిగినవారు ఎవరెవరో తెలిసికొనుడి. దృశ్యము వారికి చేరుచున్నది గనుక మన బాధ్యత తీరినదనుకొనవద్దు. ఆ మధ్యాహ్నము ఒకరిద్దరు వారి యింటికి వెళ్లి, వారి ప్రక్కను కూర్చుండి, చేయి పట్టుకొని ప్రార్థింపుడి. ఆరోగ్యముగా నున్నవారైతే, వచ్చు ఆదివారము ఫోను తీయుటకు ముందు, మందిరములో మీ రాకకై ఎదురుచూచు ఒకరి పేరును తలంచుకొని బయలుదేరుడి.