జ్ఞానదంతము – అకామ నిర్జర

మనుష్యుని నోట కట్టకడపట వచ్చు దంతములకు జ్ఞానదంతములని పేరు. సామాన్యముగా 17 మొదలు 25 సంవత్సరముల ప్రాయమున, దవడల నాలుగు కొనలయందును ఇవి వెలువడును. కొందరికి నాలుగును రావు. కొందరికి ఒక్కటియైన రాదు. బుద్ధి వికసించు వయస్సున వచ్చునవి గనుక ఆ పేరు కలిగినదే కాని, వీనికిని జ్ఞానమునకును సంబంధమేమియు లేదు. దవడలో చోటు చాలనప్పుడు ఇవి ఎముకలో అడ్డముగా ఇరుకుకొని, చిగురు వాచుటకును, చీము పట్టుటకును, ప్రక్కపన్ను చెడుటకును కారణమగును. అప్పుడు దంతవైద్యుడు మత్తుసూది వేసి, చిగురు కోసి, అవసరమైనచో ఎముకను కొంత తొలిచి, పంటిని తీయవలసివచ్చును.

ఈ చిన్న శస్త్రచికిత్సకు ధర్మవిచారముతో ఏమి పని యని పాఠకులు శంకింపవచ్చును. పని కలదు. ఈ పండ్లు తీయించుకొనువారు ఎక్కువగా మన ఇండ్లలోని యువతీయువకులు. వారిలో చాలమందికి రాత్రిభోజన త్యాగము, కందమూల త్యాగము చిన్ననాటి నుండి ఉన్న నియమములు. వైద్యుడు ఎనిమిది గంటలకొక మాత్ర వ్రాసి యిచ్చును. ఆ లెక్కకు ఒక మాత్ర రాత్రి పడక తప్పదు. మెత్తని ఆహారము కావలెను, బంగాళాదుంప ఉడికించి పెట్టుడనును. ఇంటిలో వెంటనే రెండు పక్షములు ఏర్పడును. "ఓర్చుకో నాయనా, ఓర్చుకొన్నకొలది కర్మ తీరును" అని నాయనమ్మ యనును. "నొప్పి నీకు కాదు గదా నాయనమ్మా, నాకు! ప్రాణము మీదికి వచ్చినప్పుడు నియమమేమిటి?" అని మనుమడనును. ఇద్దరి మాటలలోను కొంత సత్యము కలదు. ఇద్దరును కొంత విడిచిపెట్టినారు.

మొదట నాయనమ్మ మాట విచారింతము. దేహబాధ అసాతా వేదనీయ కర్మ యొక్క ఉదయము. ఉదయించిన కర్మ తన ఫలము నిచ్చి రాలిపోవును. ఆ రాలుటయే నిర్జర. అంతవరకు ఆమె మాట శాస్త్రసమ్మతమే. కాని నిర్జర రెండు విధములని మన ఆచార్యులు తెలిపినారు. తెలిసి, కోరి, సంయమముతో ఆచరించిన తపస్సువలన కలుగునది సకామ నిర్జర. వేరు దారిలేక, పరవశుడై అనుభవించినందువలన కలుగునది అకామ నిర్జర. చెరసాలలో అన్నము దొరకనివాడును, ఇంట ఉపవాసము పట్టినవాడును ఒక్కరీతిగనే ఆకలిగొందురు. ఇద్దరి ఫలము మాత్రము ఒకటి కాదు. ఉమాస్వాతి తన తత్త్వార్థసూత్రమున అకామ నిర్జరను దేవాయువునకు హేతువులైన వానిలో చేర్చెను. అది స్వర్గమువరకు తీసికొనిపోవచ్చును, మోక్షమునకు చాలదు.

కాబట్టి పన్ను తీయించుకొని మూడు దినములు జావతో గడపినవాడు "నాకు మూడు ఆయంబిళ్ళు అయినవి" అని చెప్పుకొనుటకు వీలులేదు. నోరు తెరువలేక మానిన భోజనము త్యాగము కాదు. అట్లే మందు మాని, పండ్లు కొఱుకుచు, ఇంటిల్లిపాదిని కసరుచు మూడు రాత్రులు గడపినవాడు పాతకర్మను కొంత రాల్చుకొని క్రొత్తకర్మను దానికంటె ఎక్కువగా కట్టుకొనును. ఆర్తధ్యానము నాలుగు విధములలో వేదనను గూర్చిన చింత యొకటి. నొప్పి యుండుట ఆర్తధ్యానము కాదు. మనస్సు సదా దానిచుట్టే తిరుగుట ఆర్తధ్యానము. పన్ను తీసిన తరువాత నాలుక ఊరకుండదు. వలదన్నకొలది ఆ ఖాళీచోటికే పోవుచుండును. మనస్సు చేయు పనియు అదియే.

1846 అక్టోబరు 16వ తేదీన బోస్టను నగరమున మోర్టన్ అను దంతవైద్యుడు ఈథరు పీల్పించి, శస్త్రచికిత్స నొప్పి లేకుండ జరుగునని పెద్దల యెదుట చూపెను. అంతకుముందు ఎన్ని తరములవారో కత్తి క్రింద అరచుచు ఆ బాధపడినారు. బాధ మాత్రమే ముక్తిహేతువైనచో వారందరును తరింపవలసినదే గదా! బాధను తగ్గించుట ధర్మమునకు అడ్డమని చెప్పుటకు ఆధారము లేదు. ఔషధదానము మనకు నాలుగు దానములలో ఒకటి. ఇతరులకు ఇచ్చినప్పుడు పుణ్యమైన మందు మనము పుచ్చుకొన్నప్పుడు పాపమెట్లగును?

ఇక మనుమని మాట. ఆపదలో నియమమేమిటని అతడడిగినాడు. ఆపదను తలచియే నియమము కూర్పబడినదని అతనికి ఎవరును చెప్పలేదు కాబోలు. శ్వేతాంబర సంప్రదాయమున ప్రత్యాఖ్యానము చేయునపుడే ఆగారములు, అనగా మినహాయింపులు, ఉచ్చరింపబడును. మరపుచే జరిగినది, హఠాత్తుగా జరిగినది, పెద్దల యాజ్ఞచే జరిగినది, చివరకు సమాధికొఱకు జరిగినది. తీవ్రరోగముచే చిత్తము కలతపడినప్పుడు దానిని నిలుపుకొనుటకు ఔషధము పుచ్చుకొనినచో వ్రతభంగము కాదని ఈ చివరి ఆగారము భావము. ఇందలి రహస్యము గమనింపదగినది. వ్రతము చిత్తసమాధికొఱకే, ఆ సమాధిని చెఱచు మొండితనమును వ్రతమే అంగీకరింపదు.

క్రిములను చంపు మందు పుచ్చుకొనుట హింస కాదా యని మరికొందరి సందేహము. శ్రావకునిది అణువ్రతము, మహావ్రతము కాదు. అతడు విడిచినది త్రసజీవులను సంకల్పపూర్వకముగా చంపుట. దేహరక్షణలో సూక్ష్మజీవులకు కలుగు హింస తప్పనిది. దానిని హింస కాదనరాదు, అవసరమునకు మించి చేయనూరాదు. వైద్యుడు వలదన్నచోట ఆ మందు అడుగకుండుటయు, వ్రాసినచోట వ్రాసినన్ని దినములు వాడుటయు వివేకము.

ఐతే మినహాయింపునకు హద్దు కలదు. వేరు మార్గమున్నచోట మినహాయింపు లేదు. రోజుకు రెండుసార్లతో సరిపోవు మందు కలదా యని చికిత్సకు ముందే వైద్యుని అడుగవచ్చును. అతడు సమ్మతించినచో ఉదయమొకటి, సూర్యాస్తమయమునకు ముందొకటి పుచ్చుకొనవచ్చును. కాప్సూలు తొడుగు చాలవరకు జిలెటిన్‌తో చేయబడును. జిలెటిన్ పశువుల చర్మము, ఎముకలనుండి తీయబడునది. అదే మందు బిళ్ళరూపమున దొరకునేమో విచారింపవలెను. బంగాళాదుంప అవసరమే లేదు: పెసరపప్పు కిచిడి, రాగిజావ, ఉడికించి మెదిపిన గుమ్మడి, అరటికాయ ఉన్నవి. పెరుగన్నము కావలసినచో పప్పు కలియకుండ వేరుపూట తినవచ్చును. నొప్పి మాత్రలలో కొన్ని పరగడుపున కడుపును చెఱచును. కాబట్టి ఆ దినములలో ఉపవాసము పట్టరాదు. ఉపవాసముననే యున్నచో, అత్యవసరము కానియెడల, పారణ యైన తరువాత పన్ను తీయించుకొనుట మేలు.

ఇన్నియు జాగ్రత్తపడిన పిదపకూడ నొప్పి కొంత మిగులును. అదియే సాధనకు తావు. పన్ను తీసిన గుంటలో రక్తము గడ్డకట్టి, క్రింది ఎముకను కప్పి కాపాడును. అది నిలుచుటకై గాజుగుడ్డను అరగంట మొదలు ముప్పావుగంటవరకు కదలక నొక్కిపట్టవలెను. సామాయికము కాలము 48 నిమిషములు! మాటలేక, కదలికలేక కూర్చుండవలసిన ఆ సమయమున సమతాభావమును అభ్యసించుటకు అడ్డమేమి? మొదటి దినమున పుక్కిలింపరాదు, గట్టిగా ఉమ్మరాదు, గొట్టముతో పీల్చరాదు, వేడివస్తువు త్రాగరాదు. కాచిన నీరు చల్లార్చి త్రాగవలెను. 24 గంటలు గడచిన తరువాత గోరువెచ్చని ఉప్పునీటితో మెల్లగా పుక్కిలింపవలెను. వాపు రెండవ మూడవ దినములలో హెచ్చి తరువాత తగ్గును. ఆ రక్తపుగడ్డ ఊడిపోయినచో ఎముక బయటపడి, మూడు నాలుగు దినములకు చెవివరకు ప్రాకునట్టి నొప్పి పుట్టును. అప్పుడు ఓర్పు పేరిట ఇంట కూర్చుండక వైద్యునొద్దకు పోవలెను. తినుట, ఉమ్ముట, మాటాడుట అన్నియు యతనతో చేయుమని మనకు ఎన్నడో చెప్పబడినది. దంతవైద్యుడు కాగితముపై వ్రాసియిచ్చునదియు ఇంచుమించు అదియే.

ఈ విధముగా చూచినచో, కోరక వచ్చిన బాధనుకూడ మనదిగా చేసికొను మార్గము కలదు. తొలగింపదగిన దానిని మందుతో తొలగించుకొని, మిగిలినదానిని కోపము, దైన్యము లేక అనుభవించినవాడు పరవశుడు కాడు. అకామముగా మొదలైనది అతనియందు సకామమగుటకు దారి యేర్పడును.

పెద్దలకు నా మనవి: బిడ్డ మాత్ర మ్రింగిన రాత్రి అతని ధర్మము పోయినదని అనకుడు. యువకులకు నా మనవి: నాలుగు దినముల మినహాయింపును నాలుగు నెలలకు పొడిగింపకుడు. చిగురు సుమారు రెండు వారములలో మూసికొనును. ఎముక పూడుటకు కొన్ని నెలలు పట్టును. నియమము మాత్రము మందు ఆగిన సాయంకాలమే తిరిగి మొదలుకావలెను. ఏమైన లోటు జరిగెనని తోచినచో గురుమహారాజుల సన్నిధిని ఆలోచన చేసికొనవచ్చును.

జై జినేంద్ర.