వెతికేవాడూ, వరస కట్టేవాడూ

మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతపు కార్యాలయాలలో ఇప్పుడు ఒక సిద్ధాంతం నీతివాక్యంలా చలామణి అవుతున్నది. వెబ్‌సైట్‌ను వాడే మనిషి సౌకర్యాన్ని చూసే పని ఒకటి. దానికి యూజర్ ఎక్స్‌పీరియన్స్ అని పేరు. ఆ వెబ్‌సైట్ గూగుల్ వంటి సెర్చి ఇంజనులో పై వరసకు వచ్చేట్టు చూసే పని మరొకటి, దాన్ని ఎస్.ఇ.ఓ. అంటారు. ఈ రెంటికీ వైరం లేదట. పాఠకునికి మేలు చేసిన పేజీయే పైకి వస్తుంది గనుక, పైకి రావటానికి పాటుపడేవాడు పాఠకునికి సేవ చేస్తున్నట్టేనట. లాభమూ ధర్మమూ ఎప్పుడూ ఒకే బాటన నడుస్తాయని చెప్పే ఏ సిద్ధాంతాన్నయినా మనం కొంచెం ఆగి పరీక్షించటం అవసరం.

ముందుగా ఇందులో ఉన్న నిజాన్ని ఒప్పుకోవాలి. పేజీలోని ముఖ్యభాగం రెండున్నర సెకన్లలోపు తెరమీదికి రావాలని గూగుల్ ఒక ప్రమాణం పెట్టింది. 2021 నుంచి ఇటువంటి ప్రమాణాలను వరస నిర్ణయించటంలో లెక్కలోకి తీసుకుంటున్నది. చవక ఫోనుతో, అంతంత మాత్రం సిగ్నలుతో చదువుకునే విద్యార్థికి దీనివల్ల మేలే. బొమ్మకు మాటల్లో వివరణ రాస్తే అది యంత్రానికీ తెలుస్తుంది, చూపులేని పాఠకునికీ వినబడుతుంది.

మన భాష చరిత్రే ఇందుకు గట్టి సాక్ష్యం. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, ఆ తర్వాత చాలా ఏళ్లు తెలుగు పత్రికల వెబ్‌సైట్లు ఎవరి ఫాంటు వారు వాడుకున్నాయి. కంటికి కనిపించేది తెలుగే. లోపలి సంకేతాలు మాత్రం తెలుగువి కావు. కనుక ఆ రాతలు వెతికితే దొరికేవి కావు. 2011 జనగణన ప్రకారం మన దేశంలో 8 కోట్ల పైచిలుకు మందికి మాతృభాష అయిన తెలుగు, ఆ మేరకు తాళం వేసిన గ్రంథాలయంలా ఉండిపోయింది. యూనికోడ్ వాడకం పెరిగాక, 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా వంటి స్వచ్ఛంద కృషి తోడయ్యాక, ఆ తాళం వదులయింది. కనబడటమూ దొరకటమూ కలిస్తేనే రాత ప్రజలకు చేరుతుందని ఇక్కడ రుజువయింది.

మరొక సంగతి ఇంకా ఆసక్తికరమైనది. గిడుగు రామమూర్తి (1863–1940) తన జీవితమంతా వాదించినదేమిటి? రాసేవాడు జనం వాడే మాటను పట్టుకోవాలన్నదే గదా. ఎస్.ఇ.ఓ. పనివాడి మొదటి పాఠం కూడా అదే. జనం ‘షుగరు’ అని వెతుకుతున్నప్పుడు ‘మధుమేహం’ అని మాత్రమే రాసి కూర్చుంటే లాభం లేదని అతనికి తెలుసు. పైకి చూస్తే గిడుగు గెలిచినట్టే ఉంటుంది. కాని గిడుగు జనం మాటను వెతికినది వారికి చదువు అందించటానికి. ఇక్కడ అదే మాటకు ధర కట్టి, ప్రకటనదారుల మధ్య వేలం వేస్తారు. రోగి భయంతో టైపు చేసిన జబ్బు పేరు కూడా ఆ వేలంలో సరుకే.

అసలు ప్రశ్న ఇక్కడున్నది. మేలును కొలిచే కొలబద్ద ఎవరి చేతిలో ఉన్నది? మాదాపూరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన 1998లోనే గూగుల్ స్థాపకులు బ్రిన్, పేజ్ తమ పరిశోధన పత్రంలో ఒక హెచ్చరిక చేశారు. ప్రకటనల డబ్బుతో నడిచే సెర్చి ఇంజను ప్రకటనదారుల వైపు మొగ్గక తప్పదని దాని సారం. సరిగ్గా ఇరవై ఏళ్లకు, 2018 ఫిబ్రవరిలో, సెర్చిలో పక్షపాతం చూపినందుకు వారి సంస్థకే మన కాంపిటీషన్ కమిషన్ 135.86 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఆ సంస్థ సెర్చి రంగంలో తన గుత్తాధిపత్యాన్ని చట్టవిరుద్ధంగా నిలబెట్టుకున్నదని 2024 ఆగస్టులో అమెరికా కోర్టు తీర్పు చెప్పింది. వాడేవారు ఏ ఫలితాన్ని నొక్కుతున్నారో గమనించి, ఆ సమాచారాన్ని వరస నిర్ణయించటానికి వాడుతున్నారన్న సంగతి కూడా ఆ విచారణలోనే వెల్లడయింది. అనగా పాఠకుడు కేవలం వినియోగదారుడు కాడు. తెలియకుండానే కూలి లేని పని కూడా చేస్తున్నాడు.

నొక్కటమూ, ఆగటమూ మేలుకు గుర్తులు మాత్రమే, మేలు కాదు. గుర్తుకు జీతం ముట్టేచోట గుర్తులే తయారవుతాయి. నా వద్ద తెలుగు చదువుకుని ఆ ప్రాంతంలో కంటెంట్ రాసే ఉద్యోగాలలో కుదిరినవారు కొందరున్నారు. రెండు వాక్యాలలో ముగిసే జవాబును వెయ్యి మాటలకు సాగదీసి, అసలు సంగతిని అట్టడుగున పెట్టమంటారని వారు చెప్పగా విన్నాను. సాగతీత పాఠకుణ్ణి నిలబెడుతుందని యజమాని లెక్క. జవాబు దొరక్క నిలబడ్డవాడు ఆ లెక్కలో తృప్తిపడినవాడే. భాష మీద ప్రేమతో చదువుకున్న మనిషి, అదే భాషతో సాటి మనిషి కాలాన్ని కాజేసే పనికి నియమింపబడుతున్నాడు. తప్పు అతనిదని నేననను. పని ఉద్దేశాన్ని నిర్ణయించే హక్కు అతనికి లేదు.

దీన్ని చూసి, ఈ విద్య మొత్తం మోసమని కొట్టిపారేసే మిత్రులున్నారు. వారితో నేను ఏకీభవించను. అచ్చుయంత్రం వ్యాపారుల చేతిలో ఉన్నదని మన పూర్వులు చేతిరాతకు తిరిగిపోలేదు; సొంత పత్రికలు పెట్టారు. మన రచనలు కూడా యూనికోడ్‌లో ఉండాలి, త్వరగా తెరుచుకోవాలి, జనం మాటతో వెతికితే దొరకాలి. దొరకని సత్యం లేనిదానితో సమానమే.

అయితే దొరకటం వాకిలి మాత్రమే. లోపలికి వచ్చిన మనిషి తన ప్రశ్నకు జవాబు తీసుకుని త్వరగా తన పనికి వెళ్లగలిగాడా? నా దృష్టిలో నీతిపరీక్ష ఇదే. ఈ పరీక్షను రాసేవాడి అంతరాత్మకే వదిలేస్తే చాలదు. కోట్లమంది జ్ఞానానికి వరస కట్టే కొలబద్ద ప్రజల ఎదుట సమాధానం చెప్పుకోవాలని అడగటం, సాగతీతకు ఒప్పుకోని ఉద్యోగికి అండగా నిలబడటం మన బాధ్యతలు. మన తరగతి గదులలో భాష నేర్చుకున్నవారే ఆ కార్యాలయాలలో కూర్చుంటున్నారు. కనుక ఈ ప్రశ్నను ఇంజనీర్లకు వదిలిపెట్టే వీలు మనకు లేదు.