అడగవలసిన మాట

కూతురు ఎం.ఎస్సీ. పూర్తిచేసి మాలిక్యులర్ బయాలజీ పరిశోధనలో చేరిందని సంతోషంగా చెప్పుకునే తల్లిదండ్రులు ఇప్పుడు మన విచారణల్లోనూ ఉన్నారు. "ఇంతకీ అమ్మాయి అక్కడ ఏం చేస్తుందమ్మా?" అని అడిగితే చాలామంది తల్లులు నవ్వి ఊరుకుంటారు. ఆ పని సుమారుగా ఇది. చిటికెన వేలంత ప్లాస్టిక్ గొట్టంలో ఎవరిదో రక్తం ఉంటుంది. గొట్టం మీద పేరుండదు, నంబరు ఉంటుంది. ఆ రక్తంలోని కణాలను పగులగొట్టి, డి.ఎన్.ఏ.ను వేరుచేసి, అందులో ఏ అక్షరం ఎక్కడ మారిందో చదువుతారు. ఒక్క అక్షరం మారినందువల్ల ఒక కుటుంబం తరతరాలుగా పడుతున్న బాధకు కారణం అక్కడ దొరకవచ్చు. అది గొప్ప విద్యే.

అయితే ఆ నంబరు వెనుక ఒక మనిషి ఉన్నాడు. అతణ్ణి ఎవరైనా అడిగారా? అడగకపోయినా చివరకు మేలే జరిగితే అందులో తప్పేముంది? ఈ వారం ఈ ప్రశ్న గురించి కాస్త ఆలోచిద్దాం.

ఇది మనకు దూరపు ప్రశ్న కాదు. 2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుండి 14 ఏళ్ల లోపు ఆడపిల్లలకు, సుమారు 14,000 మందికి, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే టీకా వేయడం మొదలుపెట్టారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన అధ్యయనమది. గుజరాత్‌లోని వడోదరలో మరో కంపెనీ టీకాతో ఇలాగే చేశారు. మన దగ్గర టీకా వేయించుకున్న వారిలో ఎందరో ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండి చదువుకునే గిరిజన బాలికలు. కొందరు పిల్లలు మరణించారన్న వార్తలు వచ్చాయి. మహిళా సంఘాలు ప్రశ్నించాయి. 2010 ఏప్రిల్‌లో అధ్యయనాన్ని నిలిపివేశారు.

ఇక్కడ న్యాయంగా చెప్పవలసిన మాట ఒకటుంది. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు బాలికలు మరణించగా, ఆ మరణాలకు టీకా కారణం కాకపోవచ్చునని ప్రభుత్వం నియమించిన విచారణ సంఘం తేల్చింది. కాని అంగీకారం తీసుకున్న తీరులో లోపాలు బయటపడ్డాయి. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 పత్రాలపై సంతకాలు హాస్టల్ వార్డెన్లవి. 1,948 పత్రాలపై వేలిముద్రలు ఉన్నాయి. అంటే వేలమంది పిల్లల విషయంలో కన్నతల్లికి బదులు వార్డెన్ "సరే" అన్నారు.

ఆ టీకా వెనుక ఉన్న విజ్ఞానం చిన్నది కాదు. హెచ్.పి.వి. అనే వైరస్‌లో చాలా రకాలున్నాయి. వాటిలో 16, 18 అనే రెండు రకాలే ఈ క్యాన్సర్లలో నూటికి 70 వరకు కారణం. దీన్ని కనిపెట్టినందుకు జర్మనీ శాస్త్రవేత్త హెరాల్డ్ జూర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. టీకాలో అసలు వైరస్ ఉండదు. వైరస్ పైపొట్టు ప్రోటీనును ఈస్టు కణాల్లో తయారుచేస్తారు. ఆ ముక్కలు తమంతట తామే గుండ్రని పొట్టుగా అమరుతాయి. గింజ లేని తాలు వంటిదన్నమాట. మొలకెత్తదు, కాని చూడటానికి వడ్లగింజలాగే ఉంటుంది. మన ఒంట్లోని రక్షణ వ్యవస్థ ఆ తాలును చూసి అసలు గింజను గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. మన దేశంలో ఏటా లక్షమందికి పైగా స్త్రీలకు ఈ క్యాన్సర్ వస్తోంది. కాబట్టి టీకా మంచిదే. ఆనాటి తప్పును చూపి నేడు టీకాకు భయపడితే నష్టపోయేది మన ఆడపిల్లలే.

ఈ విజ్ఞానం నడిచివచ్చిన దారిలో మరో స్త్రీ ఉంది. 1951లో అమెరికాలోని బాల్టిమోర్‌లో హెన్రియెటా లాక్స్ అనే నల్లజాతి పేదరాలు, ఐదుగురు బిడ్డల తల్లి, ఇదే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రికి వెళ్లింది. వైద్యులు ఆమె కణితి నుండి చిన్న ముక్క తీసి ప్రయోగశాలకు పంపారు. ఆమెను అడగలేదు. ఆమె 31 ఏళ్లకే ఆ సంవత్సరమే మరణించింది. కణాలు మాత్రం చావలేదు. "హీలా" అన్న పేరుతో ఇప్పటికీ ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో పెరుగుతూనే ఉన్నాయి. ఆ కణాల్లోనే హెచ్.పి.వి. 18 డి.ఎన్.ఏ. ఉందని జూర్ హౌసెన్ బృందం చూపింది. సుమారు రెండు దశాబ్దాల వరకు ఆమె కుటుంబానికి ఈ సంగతే తెలియదు. అడగని ఒక తల్లి ఒంటి నుండి బయలుదేరిన విద్య, అడగని తల్లుల బిడ్డల దగ్గరకు వచ్చి చేరింది. మధ్యలో 58 ఏళ్లు గడిచాయి.

"కోయ గూడెంలోని తల్లికి కణమంటే ఏమిటో, వైరస్ అంటే ఏమిటో తెలియదు కదా, ఆమెను ఏమని అడుగుతాం?" అని కొందరంటారు. ఆమె తెలుసుకోవలసింది డి.ఎన్.ఏ. నిర్మాణం కాదు. నా బిడ్డకు ఏం చేస్తారు? దానివల్ల ఏం కావచ్చు? నేను వద్దంటే ఊరుకుంటారా? తరువాత జ్వరం వస్తే ఎవరి దగ్గరకు వెళ్లాలి? ఈ నాలుగే. తునికాకు కట్టకు ధర అడిగి, లెక్క చూసుకుని తీసుకునే తల్లికి ఈ నాలుగు ప్రశ్నలు అర్థం కావా? ఆమె భాషలో, ఆమె ఇంటి అరుగు మీద కూర్చుని చెబితే తప్పక అర్థమవుతాయి. చెప్పడానికి మనకు తీరిక లేకపోవడాన్ని ఆమె అజ్ఞానంగా లెక్కకట్టడం అన్యాయం.

"పదిమందికి మేలు జరిగేటప్పుడు ఒక్కరి అనుమతి అంత ముఖ్యమా?" అన్నది రెండో వాదన. ఒకరి రక్తాన్ని పదిమంది కోసం ఇస్తే దాన్ని దానం అంటాం. దానం చేసేది ఆ వస్తువు గలవారు. అడగకుండా తీసుకుంటే, ఫలితం ఎంత మంచిదైనా, దానం చేసే గౌరవాన్ని ఆమె నుండి లాక్కున్నట్టే. యెరికో దారిపక్కన కూర్చున్న గుడ్డివాడికి ఏం కావాలో చూసేవారందరికీ తెలుసు. అయినా ప్రభువు నీకేం కావాలని అతణ్ణే అడిగాడు. మేలు చేయబోయే ముందు అడగడం అతడు మనిషని ఒప్పుకోవడమే.

అడిగే ధైర్యం ఒక్కరికున్నా చాలు. అమెరికాలో గ్రాండ్ కాన్యన్ లోయలో ఉండే హవసుపాయి గిరిజనుల నుండి, మధుమేహం కారణం తెలుసుకుంటామని చెప్పి, 1990 నుండి అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు రక్తం సేకరించారు. 2003లో అదే విశ్వవిద్యాలయంలో ఒక పరిశోధక విద్యార్థి తన థీసిస్‌ను వివరిస్తుండగా, ఆ తెగకు చెందిన కార్లెటా టిలూసి అనే యువతి వింటూ కూర్చుంది. తమవాళ్ల రక్తాన్ని మధుమేహంతో సంబంధం లేని పనికి వాడారని ఆమెకు అర్థమైంది. అందుకు అనుమతి ఉందా అని లేచి అడిగింది. ఆ ప్రశ్న కోర్టు దాకా వెళ్లింది. 2010 ఏప్రిల్‌లో, మన జిల్లాలో టీకా అధ్యయనం ఆగిన నెలలోనే, విశ్వవిద్యాలయం 41 మందికి 7 లక్షల డాలర్లు చెల్లించి, మిగిలిన రక్త నమూనాలను తెగవారికి తిరిగి అప్పగించింది.

ఇప్పుడు మళ్లీ ఏజెన్సీ గూడేల్లో రక్తం తీస్తున్నారు. సికిల్ సెల్ రక్తహీనతను నిర్మూలించడానికి 2023 జూలైలో కేంద్ర ప్రభుత్వం జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. అది అవసరమైన పని. భార్యాభర్తలిద్దరూ ఆ జన్యువును మోస్తున్నవారైతే, పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉంది. ముందే తెలిస్తే జాగ్రత్త పడవచ్చు. కాని జన్యువును మోస్తున్నంత మాత్రాన ఆ అమ్మాయి రోగి కాదు. పరీక్ష ఫలితం ఊరంతా పొక్కితే ఆమె పెళ్లి మాటలు ఆగిపోవచ్చు. కనుక రక్తం తీసేముందు అడగడం ఎంత అవసరమో, ఫలితాన్ని ఆమెకే చెప్పి గుట్టుగా ఉంచడమూ అంతే అవసరం.

తప్పంతా పెద్ద సంస్థలదేనని మనం చేతులు కడుక్కోకూడదు. మనం నడిపే బోర్డింగుల్లోనూ పిల్లల తరఫున సంతకం చేసే వార్డెన్లు ఉన్నారు. తల్లిదండ్రులు అడవిలో దూరంగా ఉంటారు, కబురు పంపడం కష్టం, పని తొందర. పెన్ను తీసి సంతకం పెట్టడం సులువు. ఈసారి ఏ కాగితమైనా మీ ముందుకు వస్తే, ఒక రోజు ఆలస్యమైనా సరే, ఆ తల్లికి కబురు పంపండి.

పరిశోధనకు వెళ్లిన మన పిల్లలకు కూడా ఇంటి నుండి ఒక మాట చెప్పాలి. అమ్మాయి పండుగకు ఇంటికి వచ్చినప్పుడు చదువు ఎంతవరకు వచ్చిందని అడుగుతాం గదా. దానితోపాటు, "నీ గొట్టంలో ఉన్న రక్తం ఎవరిదమ్మా? వాళ్లను అడిగారా?" అని కూడా అడుగుదాం. ఆమె తెలియదంటే, తెలుసుకొని రమ్మందాం.