ఇంగ్లీషులో మన తప్పులు

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన తర్వాత ఇంగ్లీషు మాస్టర్లకు ఒక చిత్రమైన కష్టం వచ్చిపడింది. పిల్లల కాంపోజిషన్లలో తప్పులు కనబడడం లేదు. బరంపురంలో ఏళ్లతరబడి ఈ పాఠమే చెప్పుకుంటూ బతికిన నాకు ఎర్రసిరా ఖర్చు తగ్గినందుకు సంతోషం కలగాలి కదా! కలగలేదు.

ఇది మోసమని కొందరు మిత్రులు ఒక్కమాటతో తేల్చేస్తారు. అంత సులువుగా తేలదు. గైడు బట్టీపట్టి రాసిన వ్యాసాన్ని మనం ఏనాడూ మోసమనలేదే! డబ్బున్న ఇంటి పిల్లకు ట్యూషను మాస్టరున్నాడు. లేని పిల్లకు ఇప్పుడు వాళ్లన్నయ్య ఫోను ఉంది. పైగా క్లాసులో నోరు విప్పితే నవ్వుతారని జంకే పిల్ల, యంత్రం ముందు పదిసార్లు తప్పు మాట్లాడగలదు. అది నవ్వదు, విసుక్కోదు. ఆ మేలు కాదనడం నాకు న్యాయంగా తోచదు.

నా బాధ వేరు. మా ఊళ్లో ఒకే బెంచీ మీద తెలుగు పిల్లవాడూ, ఒడియా పిల్లవాడూ కూర్చుంటారు. తెలుగువాడు 'ఎస్టర్‌డే ఓన్లీ ఐ కేమ్' అంటాడు. ఆ 'ఓన్లీ' వెనక ఉన్నది 'నిన్ననే' లోని ఏకారం. ఒడియావాడు 'హీ', 'షీ'లను తారుమారు చేస్తాడు. వాడి భాషలో ఆడవారికైనా మగవారికైనా 'సే' అన్న ఒక్కమాటే మరి! తప్పును బట్టి ఇంటి భాష తెలుస్తుంది, పాఠం ఎక్కణ్ణుంచి ఎత్తుకోవాలో తెలుస్తుంది. యంత్రం వాక్యాన్ని క్షణంలో సరిచేసి ఇస్తుంది. అడిగితే కారణమూ చెబుతుంది, నిజమే. తప్పు తన కంట పడకుండానే మాయమైతే పిల్లవాడు అడిగేదేమిటి?

మా ప్రాంతపు పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి పంతులుగారు సవరలకు చదువు చెప్పదలచి, ముందు తాము సవర నేర్చుకున్నారు. ఆ శ్రమ ఫలితంగా 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. యంత్రానికి తెలుగూ వచ్చు, ఒడియా కూడా వచ్చు. అయితే ఎదురుగా ఉన్న ఈ పిల్ల ఇంట్లో ఏం మాట్లాడుతుందో కనుక్కోవలసిన పూచీ దానికి లేదు. ఆ పూచీ జీతం పుచ్చుకునే మనది.

అందుకని ఫోన్లు లాక్కోమని నేననను. మొదటి ప్రతి మాత్రం పిల్లవాడి చేతిరాతతో, తప్పులతో సహా మాస్టరు బల్లమీదికి రావాలి. తర్వాత ఆ వాక్యాలనే యంత్రానికిచ్చి, అది ఏం మార్చిందో, ఎందుకు మార్చిందో క్లాసంతా వాదించుకోవచ్చు. ఒక్కోసారి పిల్లవాడి మాటే మేలనిపించవచ్చు కూడా.

అరవైమంది ఉన్న క్లాసులో ఇది సాగుతుందా అని తోటి మాస్టర్లు అడుగుతారు. సాగదు. క్లాసును రెండు చేసి, ఇంకో మాస్టరును వేయమనాలి. ఫోనుండగా ఇంకో మాస్టరెందుకని పైవారు అంటే ఏం జవాబు చెప్పాలన్నదే ఇప్పుడు నాకు పట్టుకున్న దిగులు.