నడువగలిగినవారు కుర్చీ నడుగవచ్చునా?



కొన్ని నెలల క్రిందట ఒక ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట, మన దుమ్ముగూడెము ప్రాంతపు తల్లి యొకరు అందరును వెళ్లిపోవువరకు గోడప్రక్కను నిలిచియుండి, మాయొద్దకు వచ్చి ఒక మాట అడిగిరి. "అయ్యగారూ, నడిచే కాళ్లు పెట్టుకొని కుంటిదానిలాగ కుర్చీలో కూర్చున్నాను. దేవుని యెదుట అది అబద్ధమేనా?"

ఆమె అమెరికాలో నున్న కుమారుని యింటికి, మనుమరాలిని చూచుటకు వెళ్లి వచ్చిరి. భద్రాచలమునుండి రాత్రి బస్సులో హైదరాబాదు, శంషాబాదులో విమానము, గల్ఫు దేశములోని ఒక విమానాశ్రయములో ఎనిమిది గంటలు ఆగుట, అటు తరువాత మరియొక విమానము. ఆమెకు ఇంగ్లీషు రాదు. తల్లి ఎక్కడ దారి తప్పునో యని కుమారుడు టిక్కెట్టు తీసినప్పుడే వీల్‌చైరు కావలెనని వ్రాయించెను. మన తెలుగువారిలో వందలాది తలిదండ్రులు ఈలాగే ప్రయాణము చేయుచున్నారు. ఇది క్రొత్త సంగతి కాదు.

గల్ఫులో దిగినప్పుడు విమానపు వాకిట నాలుగు కుర్చీలున్నవి, వాటికొరకు నిలిచినవారు ఆరుగురు. ఈ తల్లి ముందు నిలిచినందున ఆమెను కూర్చుండబెట్టిరి. వెనుక ఒక ముసలాయన గోడ పట్టుకొని వణకుచు నిలిచియుండెను. కుర్చీ త్రోయువాడు ఆగక ముందుకు సాగెను. ఆమె ఒక్కసారి వెనుకకు తిరిగి చూచిరట. ఆ చూపే ఆమెను మాయొద్దకు తెచ్చినది.

మేము మొదట, "పోనిమ్మమ్మా, అందరును చేయుచున్నదే గదా" అంటిమి. ఇంటికి వచ్చిన తరువాత ఆ మాటకు మేమే సిగ్గుపడితిమి. ప్రశ్నతో వచ్చిన మనస్సాక్షికి జోలపాట పాడి పంపివేయుట కాపరి పని కాదు.

2024 ఫిబ్రవరిలో బొంబాయి విమానాశ్రయములో జరిగినది మీలో కొందరు పత్రికలలో చదివియుందురు. అమెరికానుండి వచ్చిన వృద్ధ దంపతులు రెండు కుర్చీలు ముందుగానే కోరియుండిరి. దిగినప్పుడు ఒకటే దొరికెను. భార్యను అందులో కూర్చుండబెట్టి, ఎనభై యేండ్ల ఆ పెద్దాయన ఆమె ప్రక్కను నడిచివచ్చుచు, కాగితములు చూపించు చోటనే కూలిపోయి మరణించెను. రెండవ కుర్చీ వచ్చువరకు ఆగుమని చెప్పితిమని కంపెనీవారనిరి. విమానయాన శాఖవారు ఆ కంపెనీకి 30 లక్షల రూపాయలు జరిమానా విధించిరి. ఆ దినమున కుర్చీలు ఎందుకు చాలలేదో వెదకుట మన పని కాదు. అయితే కుర్చీలు లెక్కకు మించి యుండవనియు, ఒకరు కూర్చున్న దానిలో మరియొకరు కూర్చుండలేరనియు మాత్రము ఎవరికైనను తెలియును.

పరిశుద్ధ గ్రంథములో దీనికి మిక్కిలి దగ్గరగా నున్న చరిత్ర మెఫీబోషెతుది. రెండు కాళ్లు కుంటివాడైన ఆయన దావీదు రాజు పారిపోవుచుండగా వెంట వెళ్లగోరి గాడిదకు గంత కట్టింపజూచెను. సేవకుడైన సీబా ఆయనను మోసపుచ్చి, గంతకట్టిన గాడిదలను తానే తోలుకొని రాజునొద్దకు పోయి, యజమానుని భూమి యంతయు సంపాదించెను (2 సమూయేలు 16, 19). సీబాకు కాళ్లున్నవి. గాడిద లేకున్నను అతడు వెళ్లగలిగియుండును. మెఫీబోషెతు మాత్రము వెళ్లలేక యెరూషలేములో కూర్చుండిపోయెను. బేతెస్ద కోనేటియొద్ద ముప్పది యెనిమిది యేండ్లు పడియున్నవాని మొర కూడ ఇదియే గదా! తనకంటె ముందుగా మరియొకడు దిగుచున్నాడని.

మరి ఆ తల్లి సీబాయా? కాదని మేము నిశ్చయముగా చెప్పగలము. ఎందుకనగా, నడువగలుగుట అనునది ఒకే సంగతి కాదు. విమాన కంపెనీలవారే దీనిని మూడు తరగతులుగా విభజించిరి: మెట్లు ఎక్కగలరు గాని దూరము నడువలేనివారు, మెట్లు కూడ ఎక్కలేనివారు, తమంతట తాము ఏమాత్రము కదలలేక, సీటువరకు మోసికొని పోవలసినవారు. మన ఊరిలో గుడివరకు నడిచి వచ్చు అవ్వ దారిలో రెండు అరుగులమీద కూర్చుండి వచ్చును. దాని నెవరును లెక్కపెట్టరు. పెద్ద విమానాశ్రయములో నిగనిగలాడు ఆ పొడుగాటి నడవలలో అరుగులు లేవు, విమానము ఎవరికొరకును ఆగదు. కాబట్టి ఇంటిలో తిరుగగలవారు అక్కడ కుర్చీ నడిగినంత మాత్రమున అది మోసము కానేరదు.

యాకోబు ఏశావుతో, పిల్లలు పసివారనియు, మందలు పాలిచ్చునవనియు, వాటి నడకకు తగినట్లు మెల్లగా వచ్చెదననియు చెప్పెను (ఆదికాండము 33). ఆ ఉదయముననే యాకోబు తొడ గూడు తప్పి కుంటుచుండెనని దాని ముందటి అధ్యాయములో నున్నది. తన కుంటితనము మాట ఒక్కటియు ఎత్తక పిల్లలమీదను పశువులమీదను పెట్టి చెప్పెనేమో యని మాకు చాలసార్లు తోచినది. మగవారికి ఆ సిగ్గు ఎక్కువ. భార్యను కూర్చుండబెట్టి తాను నడుతుననువారు మన సంఘములలోను కలరు. వారికి మేము చెప్పునది, మీరును అడుగుడి. అవసరమైనవారికి మన దేశములో దీనికి రుసుము లేదు. ప్రయాణమునకు కనీసము 48 గంటల ముందుగా కంపెనీవారికి తెలియజేయవలెను, అంతే.

ఇక మా సంఘపు తల్లి సంగతి. ఆమెకు కావలసినది కాళ్లు కాదు, నోరు. దారి చూపువారుండిన చాలును. అందుకు వేరుగా "మీట్ అండ్ అసిస్ట్" అను సహాయము అనేక కంపెనీలలో నున్నది. ఒక మనిషి వచ్చి, వెంటబెట్టుకొని, ఒక విమానమునుండి మరియొక విమానమునకు చేర్చును. కొన్నిచోట్ల దీనికి పైకము పుచ్చుకొందురు. కుర్చీకి పైకము లేదు. పిల్లలు కుర్చీయే వ్రాయించుటకు ఇదియొక కారణము, దీనిని దాచి ప్రయోజనము లేదు.

పైగా ఆ కుర్చీ ఆమెకు సుఖమైనను ఇయ్యలేదు. త్రోయువాడు ఒక మూలను నిలిపి, "కూర్చుండు" అని చేతితో చూపి వెళ్లిపోయెను. లేచినయెడల ఎవరేమందురో, నడువగలదని పట్టుకొందురేమో యని ఆమె ఎనిమిది గంటలలో ఐదు గంటలు కదలలేదు. పాయఖానాకు పోవలసివచ్చునని నీళ్లు త్రాగలేదు. చక్కెర వ్యాధి కలవారు ఈలాగు చేసిన ప్రాణాపాయము. ఆమె పెదవులలో ప్రార్థన చేసికొనుచుండగా తెలుగు మాటలు విని ఒక ముస్లిము సోదరి దగ్గరకు వచ్చెను. కరీంనగరు వైపు ఆమె, గల్ఫులో ఇండ్ల పని చేసి సెలవుమీద ఊరికి పోవుచున్నది. "ఏమైందమ్మా?" అని అడిగి, చేయి పట్టుకొని తీసికొని పోయి, నీళ్లు త్రాగించి, రొట్టె తినిపించి, తన విమానము పిలుచువరకు ప్రక్కను కూర్చుండెను. "ఆ బిడ్డతో పాటు నడిచినప్పుడు నా కాళ్లు నాకు తిరిగి వచ్చినట్టాయె" అని మా తల్లి చెప్పిరి.

తనిఖీ విషయమై కొందరికి భయము, కొందరికి కోపము. మోకాలి చిప్ప మార్పించుకొన్నవారి లోహమునకు యంత్రము కూయును. చీటీ యుంటే చూపవచ్చును, అయినను తడిమి చూచుట తప్పదు. స్త్రీలను స్త్రీలే తెరచాటున చూతురు. నూనె పచ్చడి చేతిసంచిలో పోనియ్యరు గనుక ఆవకాయ సీసాకొరకు అక్కడ కన్నీరు పెట్టుకొనక, ముందే పెద్దపెట్టెలో భద్రముగా కట్టుకొనుడి. 2009లో ఢిల్లీ విమానాశ్రయములో మాజీ రాష్ట్రపతి అబ్దుల్ కలాముగారిని కూడ, తనిఖీనుండి మినహాయింపు ఉన్నను, బూట్లు విప్పించి చూచిరి. ఆయన మారుమాట లేక విప్పెను. యోసేపు అన్నల గోనెలను పెద్దవాడు మొదలుకొని చిన్నవానివరకు వెదకిరి గదా. నిర్దోషికిని ఆ క్షణమున గుండె కొట్టుకొనును, అది తప్పిదమునకు గుర్తు కాదు.

ఆగియుండుట మాటకు వచ్చితే, దుమ్ముగూడెమువారికి అది ఎరుగనిది కారాదు. పందొమ్మిదవ శతాబ్దములో కాటను దొరగారి తలంపున గోదావరిమీద పడవలు పైకి నడుపుటకు ఇక్కడ ఆనకట్టయు, లాకులును కట్టనారంభించిరి. 1871లో ఆ పెద్ద పని నిలిపివేసిరి. లాకులోనికి వచ్చిన పడవ తలుపుల నడుమ నిలిచి, నీరు నిండువరకు కాచుకొనవలెను. తెడ్డు వేసి ప్రయోజనము లేదు. పౌలు అపొస్తలుడును తూరులో ఓడ సరకు దింపుచుండగా ఏడు దినములు ఆగెను. ఆగినచోట శిష్యులను వెదకి కనుగొనెను (అపొస్తలుల కార్యములు 21). మా తల్లి ఆగినచోట ఆమెనే ఒకరు కనుగొనిరి.

మరుసటి ఆదివారము మేము ఆమెతో, "అమ్మా, మీరు అబద్ధమాడవలెనని ఎక్కలేదు, అయితే మీకు అక్కరలేనిది మీవద్ద నుండెను, అక్కరయైనవాడు మీ వెనుక నుండెను, మీ మనస్సు చెప్పినది నిజమే" అని చెప్పితిమి. ఆమె కొంతసేపు ఊరకుండి, "మళ్లీ పోతే ఏం చేయమంటారు?" అనిరి. కుమారునికి మాచేతనే ఫోను చేయించిరి. వచ్చే ప్రయాణమునకు కుర్చీ వద్దనియు, దారి చూపు మనిషిని అడుగుమనియు, పైకము తాను ప్రత్తి కూలిలో దాచినది ఇత్తుననియు చెప్పిరి. కుమారుడు నవ్వి ఒప్పుకొనెను. ఒక అట్టమీద విమానముల నంబర్లు, కుమారుని ఫోను నంబరు, మందుల పేర్లు, ఇంగ్లీషులో పెద్ద అక్షరములతో మా బడి పిల్లవాడొకడు వ్రాసి ఇచ్చెను. అడుగున తెలుగులో "నాకు నీళ్లు కావాలి" అనియు, దాని ప్రక్కను అదే మాట ఇంగ్లీషులోను వ్రాయించుకొనిరి. ఆ అట్ట ఇప్పుడు ఆమె బైబిలులో నున్నది.