ధిక్కారం ఎవరిది, విన్‌స్టన్‌దా జూలియాదా?

జార్జ్ ఆర్వెల్ '1984' నవల 1949లో వచ్చింది. అందులో నియంతృత్వం కింద నలిగే ప్రేమికులు విన్‌స్టన్, జూలియా. ఇద్దరిలో అసలైన ధిక్కారం ఎవరిది? ఎల్లంతకుంటలో ఓ రిటైర్డ్ పంతులుకూ, డిగ్రీ చదివే ఆయన మనవరాలికీ ఈ విషయంలో పొత్తు కుదరలేదు.

పంతులుది విన్‌స్టన్ పక్షం. "సర్కారు పాత పేపర్లు దిద్దుతుంటే, జరిగింది జరిగినట్టు డైరీల రాసిండు బిడ్డా. జూలియాకు ఆ రంది లేదు. అతను తిరుగుబాటు పుస్తకం చదివి వినిపిస్తుంటే నిద్రపోయింది."

"నిద్రపోతేంది తాతా? లండన్ మీద బాంబులు సర్కారే వేస్తుండొచ్చు, జనం భయంతోని పడి ఉండాలని, అని అన్నది ఎవరు? జూలియానే. విన్‌స్టన్‌కు ఆ ఆలోచనే రాలే. పార్టీ బిడ్డ లెక్క నడుముకు ఎర్రపట్టీ కట్టుకుంటది, చాటుంగ అసలైన కాఫీ, చక్కెర తెస్తది. వాళ్ల రాజ్యంల తన బతుకు తను బతుకుతది."

తానూ తిరుగుబాటుదారుడినేనని నమ్మించే పార్టీ అధికారి ఓబ్రియన్ ఇంటి ఘట్టం దగ్గర వాదం ముదిరింది. ఉద్యమం కోసం పసివాడి ముఖాన యాసిడ్ పోస్తారా అని అతను అడుగుతాడు. పోస్తామంటాడు విన్‌స్టన్. మీరిద్దరూ విడిపోయి మళ్లీ కలవకుండా ఉంటారా అంటే మాత్రం, అతను తేల్చుకునేలోపే జూలియా ఒప్పుకోనంటుంది.

"న్యాయం కోసం లేచినోడు పసిపిల్లగాని మీద యాసిడ్ పోస్తననొచ్చా తాతా?"

"అనొద్దు," అని పంతులు ఒప్పుకున్నాడు. తర్వాత 1978 ముచ్చట ఎత్తాడు.

ఆ ఏడు సెప్టెంబర్ 7న అప్పటి కరీంనగర్ జిల్లా జగిత్యాలలో రైతుకూలీలు వేలాదిగా ఊరేగింపు తీశారు. వెట్టి మీద, దొరల భూముల మీద పోరు అది. ఆ రోజుల్లో పల్లెలు దొరలను సాంఘికంగా బహిష్కరించాయి. చాకలి బట్టలు ఉతకలేదు, మంగలి గడ్డం గీయలేదు, పాలేరు గడీకి పోలేదు. అక్టోబర్‌లో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది.

"గడ్డం గీయకపోవుడు చిన్న పనే గద! జూలియా చేసింది గూడ గసొంటిదే."

"చిన్నదే బిడ్డా. కానీ జూలియా దొరకకుంట చేసింది. మంగలి దొరకు తెలిసేటట్టే మానిండు, ఊరంత ఒక్కటై మానింది."

"మరి విన్‌స్టన్ ఎవరికి తెలిసేటట్టు రాసిండు?"

ఆ ప్రశ్నకు పంతులు దగ్గర జవాబు లేదు. ఆశ ఉంటే శ్రామిక జనంలోనే ఉందని డైరీలో రాసుకున్న విన్‌స్టన్, వాళ్లలో ఒక్కరితోనూ చేయి కలపలేదు. జూలియాకు ఆ తలంపే లేదు. పట్టుబడ్డాక ఇద్దరూ చిత్రహింసలకు ఒకరినొకరు అప్పగించుకున్నారు. వాళ్లకు కరువైంది ధైర్యం కాదు, వెనక నిలిచే ఊరు.

2023లో సాండ్రా న్యూమన్ ఇదే కథను జూలియా వైపు నుంచి నవలగా రాశారు. '1984' చదివినవాళ్లు దానితో పాటు, కరీంనగర్ పల్లెల రైతాంగ పోరాటాన్ని చిత్రించిన అల్లం రాజయ్య 'కొలిమంటుకున్నది' కూడా తప్పక చదవాలి.